రెండో చుక్క గారు

రెండో చుక్క గారు ఈ లోకంలో మొదటిదాన్ని దేన్నీ నమ్మరు.

మొదటి బస్సు ఎక్కరు. అది ఖాళీగా వచ్చి, సరిగ్గా ఆయన ముందే ఆగి, కండక్టరు చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసినా సరే, "మీరు పదండి, నేను వెనక బండిలో వస్తాను" అంటారు. ఫ్లాస్కులోంచి వంచిన మొదటి కప్పు టీ తాగరు. అది కిటికీలో ఉన్న పూలకుండీకి పోస్తారు. ఇరవయ్యేళ్ళుగా టీ తాగి బతుకుతున్న ఆ మొక్క ఏ జాతిదో ఎవరికీ తెలియదు గానీ, ఆసుపత్రి మొత్తంలో దానంత హుషారైన ప్రాణి ఇంకోటి లేదని ప్రతీతి. ఫోను మొదటిసారి మోగితే ఎత్తరు. "నిజంగా పని ఉన్నవాడైతే మళ్ళీ చేస్తాడు" అంటారు. ఆయన భార్య ముప్పై ఏళ్ళుగా ప్రతి ఫోనూ రెండుసార్లు చేస్తోంది.

నమస్కారాల సంగతి మరీ ఘోరం. మొదటి నమస్కారం గాల్లో కలిసిపోవలసిందే. రెండోదానికి మాత్రం రెండు చేతులూ ఎత్తి, మొహమంతా నవ్వు చేసుకుని జవాబిస్తారు. అందుకని ఆయన రక్తపరీక్షల గదికి వచ్చేవాళ్ళంతా గుమ్మంలోనే "నమస్కారం సార్, నమస్కారం సార్" అని జంటగా వదిలి మరీ లోపలికి అడుగుపెడతారు.

ఈ సంగతులేవీ తెలియకుండా ఆ గదిలో ఉద్యోగానికి చేరింది కొత్తమ్మాయి.

"నమస్కారం సార్. నేను ఇవాళే చేరాను."

ఆయన మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. పాపం, పెద్దాయనకి చెవుడు కాబోలు అనుకుని ఆ అమ్మాయి గొంతు పెంచింది.

"నమస్కారం సార్!"

"నమస్కారం, నమస్కారం! రా అమ్మా, కూర్చో. ఎందుకలా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?"

నేల తుడుస్తున్న ఆయమ్మ నవ్వు ఆపుకోలేక మొహం గోడవైపు తిప్పుకుంది. కొత్తమ్మాయి తన సర్టిఫికెట్లు బల్లమీద పెట్టింది. కాలేజీలో ఆమెది మొదటి ర్యాంకు. ఆ కాగితం చూసి ఇంట్లో వాళ్ళమ్మ మురిసిపోయింది, పక్కింటివాళ్ళు కుళ్ళుకున్నారు. రెండో చుక్క గారు మాత్రం దాన్ని దగ్గరగా పెట్టుకుని చదివి, నిట్టూర్చారు.

"మొదటి ర్యాంకా? అయ్యో పాపం. పర్లేదులేమ్మా, మెల్లగా అదే సర్దుకుంటుంది."

ఉద్యోగం మూడు నెలలు పరీక్ష మీద. మూడో నెలాఖరున ఈయన రాసిచ్చే నివేదిక బాగుంటే ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. రెండేళ్ళు తిరగ్గా తిరగ్గా దొరికిన ఉద్యోగం. వాళ్ళమ్మ అప్పుడే వీధి వీధంతా చెప్పేసింది కూడా. ఇప్పుడు ఆ ఉద్యోగం తీసుకెళ్ళి, మొదటి ర్యాంకుని చూసి జాలిపడే మనిషి చేతిలో పెట్టారు.

ఆయనకి ఆ పేరెలా వచ్చిందో మర్నాడే తెలిసింది. ఒంట్లో రక్తం ఎంత ఉందో చూడమని డాక్టర్లు పంపినవాళ్ళు ఆ గదికే వస్తారు. వేలికొన మీద సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం చిన్న ప్లాస్టిక్ పట్టీలోకి తీసుకుని, అరచేతిలో ఇమిడే యంత్రంలో పెడితే అంకె చూపిస్తుంది. ఆడవాళ్ళకైతే పన్నెండుండాలి. ఇంతే పని. కొత్తమ్మాయి లెక్కలో ఒక నిమిషం. రెండో చుక్క గారి లెక్కలో ఆరు నిమిషాలు.

ముందు గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టించాలి. తుడవాలి. ఉంగరం వేలు పట్టుకోవాలి. స్పిరిట్ పూసి ఆరేదాకా ఆగాలి. కొనకి మధ్యలో కాదు, కాస్త పక్కగా గుచ్చాలి. బయటికి వచ్చిన మొదటి చుక్కని పొడి దూదితో తుడిచి పారెయ్యాలి. మళ్ళీ ఆగాలి. రెండో చుక్క దానంతటదే గుండ్రంగా ఊరాలి.

"ఊరకపోతే పిండొచ్చా సార్?" అనడిగింది కొత్తమ్మాయి.

"వేలు నిమ్మకాయా, పిండటానికి? పిండితే రక్తంతో పాటు కండలో ఉన్న నీరు కూడా వస్తుంది. అంకె పడిపోతుంది. మనమే పాలల్లో నీళ్ళు కలిపి, గేదెని తిట్టినట్టుంటుంది."

"మరి రెండో చుక్క మాత్రం పూర్తిగా నిజం చెబుతుందా సార్?"

ఆ ప్రశ్నకి ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్పదు! ఒకే మనిషికి ఈ వేలు ఒకటి చెబుతుంది, ఆ వేలు ఇంకోటి చెబుతుంది. వేలి మాట చుట్టాల కబురు లాంటిదమ్మా. విని ఉంచుకోవాలి. అనుమానం వస్తే మోచేతి నరం దగ్గరికే వెళ్ళి కనుక్కోవాలి. కాకపోతే మొదటి చుక్క మరీ గాలి కబురు. ఒకరికి తగ్గించి చెబుతుంది, ఇంకొకరికి పెంచి చెబుతుంది. అందులో చర్మం మీది చెమటా, స్పిరిటూ, మనిషి కంగారూ అన్నీ ఉంటాయి."

ఇంతలో పరీక్షకి వచ్చిన తాపీమేస్త్రీ ఒకాయన తన వేలు తుడిచేసిన దూదివైపు దిగులుగా చూశాడు. "అంత రక్తం అలా పారేస్తే ఎలాగండీ? అసలే తక్కువుందని పంపించారు!"

"బాగా అడిగావయ్యా. నువ్వు గోడ కట్టేటప్పుడు కలిపిన మాలు బాగా రాకపోతే ఏం చేస్తావు?"

"పారేసి మళ్ళీ కలుపుతానండీ."

"నేనూ అదే చేశాను" అన్నారు రెండో చుక్క గారు.

ఒక మధ్యాహ్నం ఆయన మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి భార్య వచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఏమండీ, ఏమండీ" అంది. కొత్తమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంట్లో కూడా ఇంతేనా అమ్మగారూ?"

"ఇల్లు కట్టకముందు నుంచీ ఇంతే తల్లీ. పెళ్ళి చేసుకుంటావా అని ఈయనే అడిగారు. నేను వెంటనే సరేనన్నాను. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. 'ఇది మొదటి జవాబు, వారం ఆగి మళ్ళీ చెప్పు' అని వెళ్ళిపోయారు. ఆ వారంలో నాకు కాస్త బుద్ధి వచ్చి ఉంటే బాగుండేది."

"వచ్చింది కాబట్టే మళ్ళీ సరేనన్నావు" అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆవిడ విసురుగా వెళ్ళింది గానీ, వెళుతూ వెళుతూ నవ్వుకోవడం కొత్తమ్మాయి చూసింది.

ఆరో వారంలో వచ్చిపడింది అసలు పరీక్ష. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఒకటి తమ దగ్గర పనిచేసే నూట ఇరవై మంది ఆడవాళ్ళకి రక్తం చూడమని ఆసుపత్రిని అడిగింది. రోజుకి అరవై మంది చొప్పున రెండు రోజులు. పెద్ద డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచి చెప్పింది. "ఆలస్యం అమృతం విషం. మధ్యాహ్నానికల్లా అరవై మందీ అయిపోవాలి."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారండీ" అన్నారు రెండో చుక్క గారు.

"ఆ అన్నవాళ్ళకి ఫ్యాక్టరీ వాళ్ళు ఫోన్లు చెయ్యలేదు" అంది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు ఆసుపత్రి వ్యాను ఆగింది. కొత్తమ్మాయి సామాను ఎక్కించి పిలిచింది.

"రండి సార్."

"నువ్వు పదమ్మా, నేను వెనక వస్తాను."

"సార్! ఇది బస్సు కాదు, మన వ్యానే! దీని వెనక ఇంకోటి లేదు!"

"వ్యానైనా మొదటిదే కదా. బస్సు ఉందిగా, వచ్చేస్తా."

ఆయన మాట ప్రకారమే మొదటి బస్సు వదిలేసి రెండోది ఎక్కారు. ఆ రెండో బస్సు సగం దారిలో టైరు పేలి కూర్చుంది. జీవితంలో మొదటిసారి రెండోది ఆయన్ని మోసం చేసింది.

ఇక్కడ ఫ్యాక్టరీలో కొత్తమ్మాయి ఒంటరిగా బల్ల వేసుకుని కూర్చుంది. హాలు నిండా కుట్టుమిషన్ల వరసలు, గాల్లో దూదిపింజలు, నేలంతా దారపు ముక్కలు. చలి రోజు. ఆడవాళ్ళు చేతులకంటిన మిషను నూనె చన్నీళ్ళతో కడుక్కుని నేరుగా వచ్చి వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి వేలూ మంచుముక్కలా ఉంది. వేడినీళ్ళు అడిగితే సూపర్‌వైజరు గడియారం చూపించాడు.

"క్యాంటీన్ నుంచి తెచ్చేసరికి పది నిమిషాలు పడుతుంది. మనిషికి రెండు నిమిషాలే ఇచ్చారు మాకు."

మొదటి ఆవిడ వేలికి గుచ్చింది. చుక్క రాలేదు. ఆగింది. సూపర్‌వైజరు దగ్గాడు. ఇంకాస్త ఆగింది. ఆయన మళ్ళీ దగ్గాడు. కొత్తమ్మాయి అటూ ఇటూ చూసి, వేలిని పట్టుకుని ఒక్క నొక్కు నొక్కింది. చుక్క వచ్చింది. వచ్చినదాన్ని తుడవడానికి మనసొప్పలేదు. పట్టీలోకి తీసేసుకుంది. అక్కణ్ణుంచి ఇక చూడాలి ఆ వేగం! పిండడం, పెట్టడం, రాయడం. సూపర్‌వైజరు దగ్గు కూడా తగ్గిపోయింది.

మధ్యాహ్నానికి అరవై మందీ అయిపోయారు. వాళ్ళలో నలభై ఒక్కమందికి అంకె పన్నెండులోపే ఉంది.

ఆ కాగితం చూసి ఫ్యాక్టరీ మేనేజరు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. "నలభై ఒక్కమందికి రక్తం లేదా? వీళ్ళు మిషను ముందు కళ్ళు తిరిగి పడితే ఎవరు జవాబు చెబుతారు? రేపటినుంచి ఈ నలభై ఒక్కమందీ ఇంట్లో ఉండాలి. నెల తర్వాత చూద్దాం!"

హాల్లో మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళుగా బొత్తాలు కుడుతున్న పెద్దావిడ, అందరూ బొత్తాల పెద్దమ్మ అని పిలిచే మనిషి, కళ్ళజోడు నుదుటిమీదకి నెట్టి లేచి వచ్చింది.

"నాకెంతొచ్చింది పిల్లా?"

"తొమ్మిది పెద్దమ్మా."

"తొమ్మిదా? పొద్దున్న మూడంతస్తుల మెట్లెక్కి వచ్చాను. నాతో పాటు ఎక్కితే నువ్వు ఆయాసపడతావు."

"మిషను అలా చెబుతోంది పెద్దమ్మా."

"మిషన్లతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసినదాన్ని. అవెంత అబద్ధాలాడతాయో నాకు చెప్పకు."

సరిగ్గా అప్పుడు, టైరు పేలిన బస్సు దిగి, సగం దారి నడిచి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చారు రెండో చుక్క గారు. సూపర్‌వైజరు నమస్కారం పెట్టాడు. జవాబు రాకపోయేసరికి చిన్నబుచ్చుకున్నాడు. ఆయన కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివారు. నలభై ఒక్కటి దగ్గర ఆగారు. కొత్తమ్మాయిని పక్కకి పిలిచారు.

"ఎంతమందికి వేలు పిండావమ్మా?"

"ఎవరికీ పిండలేదు సార్" అంది కొత్తమ్మాయి.

ఆయన కళ్ళజోడు తీశారు. రుమాలుతో ఒక అద్దం తుడిచారు. రెండో అద్దం తుడిచారు. పెట్టుకున్నారు.

"ఎంతమందికి పిండావమ్మా?"

కొత్తమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అందరికీ సార్."

"అదీ" అన్నారాయన, పోయిన వస్తువేదో దొరికినంత తృప్తిగా.

కానీ ఆ తృప్తి పంచుకునే తీరిక లేదు. మేనేజరు ఫోనుకి పెద్ద డాక్టరమ్మ కారులో వచ్చేసింది. వస్తూనే అడిగింది. "ఈ నలభై ఒకటీ నిజమేనా?"

"మొదటి చుక్కలండీ. నిజం కాదు."

"ఎవరు చేశారు ఇది?"

కొత్తమ్మాయికి ఉద్యోగం, వాళ్ళమ్మ, వీధి వీధంతా ఒకేసారి కళ్ళముందు తిరిగాయి.

"మా గది చేసిందండీ. ఆ గదికి పెద్దని నేను. పొద్దున్న వ్యాను ఎక్కి ఉంటే ఇది జరిగేది కాదు. నా పిచ్చి నాతో ఉంటే సరిపోయేది, ఇవాళ అరవైమంది మీద పడింది" అన్నారు రెండో చుక్క గారు.

ఆ మాట విన్నాక కొత్తమ్మాయి ఇక నోరు మూసుకుని నిలబడలేకపోయింది. "నేనే మేడమ్. తొందరలో వేళ్ళు పిండాను. సార్ పిండొద్దని చెప్పారు."

డాక్టరమ్మ ఆ పిల్లవైపు ఎగాదిగా చూసింది. "ఆదిలోనే హంసపాదు!"

"రాతలో హంసపాదు పెట్టేది, వదిలేసిన అక్షరం దిద్దుకోవడానికే కదండీ" అన్నారాయన. "నాలుగు గంటలివ్వండి. అరవై మందికీ మళ్ళీ చూస్తాం."

"నలభై ఒక్కమందికి చూస్తే చాలదా? బాగున్నవాళ్ళకెందుకు?"

"వాళ్ళదీ మొదటి చుక్కే కదండీ. మనకి నచ్చని అంకె తుడిచేసి, నచ్చిన అంకె ఉంచుకుంటే అది పరీక్ష ఎలా అవుతుంది?"

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "కానివ్వండి. ఈ అమ్మాయి నివేదిక రాయాల్సింది మీరే. ఏం రాస్తారో చూస్తాను."

ఆ మాటతో కొత్తమ్మాయి ప్రాణం సగం పోయింది. మిగతా సగంతో క్యాంటీన్‌కి పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం ఆ ఫ్యాక్టరీలో జరిగినంత సందడి అంతకుముందెప్పుడూ జరగలేదని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గోరువెచ్చని నీళ్ళ బకెట్లు నాలుగొచ్చాయి. ఒక్కో బకెట్ చుట్టూ నలుగురైదుగురు కూర్చుని చేతులు నానబెట్టుకున్నారు. పొద్దుటినుంచి సూదీ దారం తప్ప ఇంకోటి ముట్టని వేళ్ళకి ఆ వెచ్చదనం తగలగానే నోళ్ళు విచ్చుకున్నాయి. కోడళ్ళ మీద అత్తలు, అత్తల మీద కోడళ్ళు, అందరూ కలిసి సూపర్‌వైజరు మీద చెప్పుకుని పడీ పడీ నవ్వారు. సూపర్‌వైజరు దగ్గాడు. ఎవరూ పట్టించుకోలేదు.

బల్లకి అటు కొత్తమ్మాయి, ఇటు రెండో చుక్క గారు. గుచ్చడం, తుడవడం, ఆగడం. ఆగే ఆ కాస్తసేపూ ఆయన ప్రతి ఒక్కరినీ ఒకటే ప్రశ్న అడుగుతున్నారు.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగున్నాను సార్."

"ఎలా ఉన్నావమ్మా?"

అప్పుడొచ్చేది అసలు జవాబు. ఒకావిడకి మోకాళ్ళ నొప్పులు. ఒకావిడకి నిద్ర పట్టదు. ఒకావిడ కూతురు పరీక్ష పాసైంది, పొద్దుటినుంచి ఎవరికైనా చెబుదామని కాచుకుని కూర్చుంది. కాలర్లు కుట్టే సన్నటి అమ్మాయి వచ్చింది. పొద్దుటి కాగితంలో ఆమెకి పన్నెండున్నర. ఒక్క మాటా మాట్లాడని మనిషి. మొదటిసారి బాగున్నానంది. రెండోసారి అడిగితే గొంతు తగ్గించి, "మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి సార్. చెబితే పని మానేయమంటారని" అంది.

రెండో చుక్క తొమ్మిదన్నది. వేలిని వదిలేసి నరం దగ్గరికే వెళ్ళి రక్తం తీసి పంపారు. ఎనిమిది కూడా లేదని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కొత్తమ్మాయి పొద్దుటి కాగితంలో ఆ పన్నెండున్నరని చూసుకుంది. లేని జబ్బు అంటగట్టినందుకంటే, ఉన్న జబ్బు చూడనందుకు ఆమెకి ఎక్కువ భయమేసింది.

సాయంత్రానికి నలభై ఒకటి కాస్తా ఎనిమిదయ్యాయి. కాలర్ల అమ్మాయితో తొమ్మిది. ఆ తొమ్మిదిమందికీ నరం నుంచి తీసి సరిచూశారు. కాలర్ల అమ్మాయిని డాక్టరమ్మ తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళుతూ, మిగతావాళ్ళకి మాత్రలు చాలు, ఎవర్నీ ఇంటికి పంపడానికి వీల్లేదని మేనేజరుకి గట్టిగా చెప్పింది. ఈ అమ్మాయి తిరిగొచ్చేసరికి ఆమె మిషను ఆమెకే ఉండాలని ఇంకా గట్టిగా చెప్పింది.

బొత్తాల పెద్దమ్మకి పన్నెండున్నర వచ్చింది. "చెప్పానా లేదా!" అని ఆవిడ కొత్తమ్మాయి బుగ్గ గిల్లి, మెట్లన్నీ దిగి కిందిదాకా వచ్చి మరీ సాగనంపింది.

తిరుగు ప్రయాణానికి రెండో చుక్క గారు వ్యాను ఎక్కేశారు. ఇది దాని రెండో ప్రయాణం కదా. వ్యాను సగం దారి దాటింది.

"సార్, ఇలా బయటికి వెళ్ళి చేసిన మీ మొదటి శిబిరం ఎలా జరిగింది?" అంది కొత్తమ్మాయి చివరికి.

ఆయన కిటికీలోంచి చాలా శ్రద్ధగా బయటికి చూశారు. "రెండోదాని గురించి అడుగు, చెబుతాను."

మర్నాడు ఫ్యాక్టరీలో మిగతా అరవై మందికీ చూసినప్పుడు గానీ, మిగిలిన ఆరు వారాల్లో గానీ కొత్తమ్మాయి ఒక్క వేలూ పిండలేదు. మూడో నెలాఖరున ఆయన నివేదిక రాశారు. అలవాటు ప్రకారం మొదటి కాగితం చించి బుట్టలో వేశారు. రెండోది కవరులో పెట్టి పంపారు. ఆ బుట్టలోని ముక్కలు ఏరి చదవాలని కొత్తమ్మాయి చెయ్యి ఎంత దురద పెట్టిందో ఆ దేవుడికే తెలుసు. గంట తర్వాత పెద్ద డాక్టరమ్మ పిలిచి, నివేదిక చేతిలో పెట్టింది.

పనితనం: బాగుంది. రోగులతో ప్రవర్తన: బాగుంది. దాని కింద, 'ఈ మూడు నెలల్లో చేసిన తప్పులు' అన్నచోట, గుండ్రటి చేతిరాతలో ఒకే వాక్యం ఉంది.

'రెండోసారి చేసినవి లేవు.'

కొత్తమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది.

"నీ ఒక్కదానికే అలా రాశారని పొంగిపోకు" అంది డాక్టరమ్మ. "ముప్పై ఏళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒక్కరి మొదటి తప్పు కూడా కాగితం ఎక్కలేదు. కుర్ర డాక్టరుగా ఒకసారి ఆ గదిలో నేను కూడా..." అంటూనే ఆగిపోయి, గొంతు సవరించుకుంది. "సరే, నీ ఉద్యోగం ఖాయం. వెళ్ళు, పని చూసుకో. ఆలస్యం అమృతం విషం!"

కొత్తమ్మాయి నడవా అంతా ఒక్క పరుగున దాటి రక్తపరీక్షల గదిలోకి వచ్చింది.

"థ్యాంక్స్ సార్!"

ఆయన మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. తాపీగా ఫ్లాస్కు తీసింది. మొదటి కప్పు కిటికీలో మొక్కకి పోసింది. రెండో కప్పు ఆయన ముందు పెట్టింది. పక్కకి వచ్చి నిలబడింది.

"థ్యాంక్స్ సార్."

"అయ్యో, దానిదేముందమ్మా!" అంటూ ఆయన రెండు చేతులూ ఎత్తి, మొహమంతా నవ్వు చేసుకున్నారు.

ఇంతలో ఫోను మోగింది. ఇద్దరూ కదల్లేదు.